మా ఇంటి గుర్తు కోసం తొమ్మిది నెలలు

జనవరి 15, కనుమ రోజు మధ్యాహ్నం. పెనుమూరు దగ్గర మా ఊళ్ళో భోజనాలయ్యాక అందరం వసారాలో కూర్చున్నాం. లండన్‌లో ఉద్యోగం చేసే మా చిన్నాన్న కొడుకు ఫోనులో ఫోటోలు చూపిస్తున్నాడు. అందులో ఒక పాత ఇంటి గుమ్మం మీద రాతిలో చెక్కిన డాలు, దాని మీద మూడు పిట్టలు, కింద ఏదో వాక్యం. ‘ఇదేంది రా?’ అని నాన్న అడిగారు. ‘ఆ ఇంటాయన కోట్ ఆఫ్ ఆర్మ్స్ పెదనాన్నా, వంశానికి గుర్తు లాంటిది’ అన్నాడు తమ్ముడు. నాన్న ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ‘మనకి అట్లాంటిదేం లేదు గదా’ అన్నారు. అది ప్రశ్న కూడా కాదు.

అక్టోబరు 12న నాన్నకి భీమరథ శాంతి, అంటే డెబ్భై ఏళ్ళకి చేసే శాంతి పూజ. డెబ్భై ఏళ్ళుగా చెరకు తోట, గానుగ, చిత్తూరు బెల్లం మండీ తప్ప వేరే ధ్యాస లేని మనిషికి ఏమిస్తే బాగుంటుందో నాకు ఆ మాటతో తట్టింది. నేను తిరుపతిలో బ్యాంకులో పనిచేస్తాను. ఆదివారం తప్ప తీరిక ఉండదు. అయినా తొమ్మిది నెలల టైముంది కదా, ఒక బొమ్మ గీయించడానికి అంత పట్టదులే అనుకున్నాను. దాదాపు మొత్తం పట్టింది. ఇలాంటిది చేయించుకోవాలనుకునే వాళ్ళకి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి పొరపాటు వారంలోనే చేశాను. ఇంటిపేరు చెప్తే దానికి చెందిన ‘అసలైన’ వంశచిహ్నం పంపుతామనే వెబ్‌సైట్ ఒకటి దొరికింది. జనవరి 22న 2,900 రూపాయలు కట్టాను. ఫిబ్రవరి 3న ఫైలు వచ్చింది. ఎర్ర డాలు, రెండు కాళ్ళ మీద లేచిన సింహం, రెక్కలు చాపిన గద్ద, పైన ఇనుప శిరస్త్రాణం, కింద లాటిన్ వాక్యం. మా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. అది చూడగానే కడుపులో దేవినట్టయింది. మా వాళ్ళలో గద్దని పెంచినవాళ్ళూ లేరు, ఇనుప టోపీ పెట్టుకున్నవాళ్ళూ లేరు. డబ్బు వెనక్కి ఇమ్మని నాలుగు మెయిళ్ళు పెట్టాను. ఇవాళ్టి వరకు జవాబు లేదు.

తమ్ముడికి ఫోను చేసి చెప్పుకుంటే వాడు అక్కడ వాకబు చేశాడు. లండన్‌లో క్వీన్ విక్టోరియా స్ట్రీట్‌లో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని ఒక సంస్థ ఉంది. 1484లో మొదలైంది. ఇంగ్లండులో ఇలాంటి చిహ్నాలు మంజూరు చేసేది వాళ్ళే. ‘అక్కా, ఇంటిపేరుకి చిహ్నం అనేదే ఉండదంట. ఒక మనిషికి ఇస్తారు, ఆయన తర్వాత ఆయన సంతానానికి వస్తుంది. అదే ఇంటిపేరున్న పక్కింటాయనకి దాని మీద హక్కుండదు’ అన్నాడు. మన దేశంలో మామూలు మనుషులకి ఇలాంటివి మంజూరు చేసే ఆఫీసు లేదని కూడా అప్పుడే తెలిసింది. మొదట నీరసం వచ్చింది. రెండు రోజులు ఆలోచించాక అదే ధైర్యంగా అనిపించింది. ఇచ్చేవాళ్ళు లేనప్పుడు మనమే వెతుక్కోవాలి.

ఆ నెలంతా రాత్రిళ్ళు కూర్చుని చదివాను. 1877 ఢిల్లీ దర్బారుకి మన సంస్థానాధీశుల కోసం రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి చిహ్నాలు తయారు చేశాడట. ఒక్కొక్క రాజుకీ ఆయన చిహ్నమున్న పతాకం బహూకరించారు. రాజులకే పైవాళ్ళు గీసి ఇచ్చారన్నది చదివాక, మాది మాత్రం ఇంట్లోంచే రావాలని పట్టుదల పుట్టింది. ఒక ఆదివారం చంద్రగిరి కోటకి వెళ్ళి రాజమహల్ మెట్ల మీద ఒక పూటంతా కూర్చున్నాను. విజయనగర రాజుల లాంఛనం వరాహం, కత్తి, సూర్యచంద్రులు. మన దగ్గర ఈ సంప్రదాయం లేదని కాదు, ‘లాంఛనం’ అనే మాటతో సహా ఉంది. కానీ వరాహం రాజులది. సూర్యచంద్రులు శాసనాల్లో ‘ఆచంద్రార్కం’ అని భూములు రాసిచ్చినవాళ్ళవి. చెరకు పండించి కౌలు కట్టినవాళ్ళం మేము.

మార్చి 9న తిరుపతిలో ఒక డిజైనర్ కుర్రాడిని మాట్లాడుకున్నాను. మొత్తం పనికి 6,000, రెండు సార్లకి మించి మార్పులు అడిగితే మార్పుకి 500. ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు. చివరికి మార్పులకే 3,500 అయింది.

ఇంట్లోవాళ్ళకి చెప్పడం తప్పయిందో ఒప్పయిందో ఇప్పటికీ చెప్పలేను. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి కావాలి. పెదనాన్న ‘మూడు సింహాలు పెట్టించు, దర్జాగా ఉంటాది’ అన్నారు. అది మన జాతీయ చిహ్నం పెదనాన్నా, సొంతానికి వాడకూడదని 2005లో చట్టం చేశారు అని చెప్తే రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. మేనత్త తిరునామం ఉండాలంది. నాన్న వైపు అందరిదీ కాళహస్తీశ్వరుడి మొక్కు, విభూతి పెట్టాలన్నారు ఇంకొకరు. రెండూ వద్దని నాన్నే తేల్చేశారు. ‘దేవుడు పూజగదిలో ఉండనీ మా’ అన్నారు. అమ్మ మాత్రం ఏమీ అడగలేదు. అమ్మ పుట్టిల్లు నారాయణవనం, మగ్గాల ఇల్లు. నేనే అడిగితే ‘నాడె ఒకటి పెడితే సంతోషం’ అంది. నాడె అంటే మగ్గంలో పేక నూలు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తేది. అమ్మమ్మ వాడిన నాడె మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, చెయ్యి తగిలి తగిలి నున్నగా అయిపోయింది.

అలా ఏప్రిల్‌కి చెరకు గడలు, నాడె, బెల్లం దిమ్మ, అన్నీ కలిపి ఒక బొమ్మ వచ్చింది. కంప్యూటర్‌లో చాలా బాగుంది. ప్రింటు తీసి మా అపార్టుమెంటు గేటుకి అతికించి ముప్పై అడుగులు వెనక్కి నడిచి చూశాను. ఏదీ కనపడలేదు! తెల్లటి డాలు మీద పసుపుపచ్చ బెల్లం దిమ్మ పూర్తిగా మాయమైపోయింది. ఆకుపచ్చ చెరకు ఎరుపు మీద నల్లగా కనిపించింది.

ఇది అందరూ చేసే తప్పేనట. ఈ విద్యలో రంగులకి ఒక కట్టడి ఉంది. బంగారం, వెండి అంటే పసుపు, తెలుపు. వీటిని లోహాలంటారు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ లాంటివి రంగులు. లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. యుద్ధంలో దుమ్ములో కూడా దూరంనుంచి గుర్తుపట్టాలి కాబట్టి ఆ కట్టడి వచ్చిందంటారు. గేటు దగ్గర నిలబడ్డాక అది నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మీరు చేయించుకుంటే మొదటి రోజే ప్రింటు తీసి దూరంనుంచి చూడండి. నేను రెండు మార్పుల ఖర్చు పోయాక చూశాను.

డాలు ఆకారం గురించి కూడా చాలా బెంగపడ్డాను. ఆ కింద మొనదేలిన ఇంగ్లీషు డాలు నాకు మింగుడు పడలేదు. తీరా చూస్తే ఆకారం గీసేవాళ్ళ ఇష్టమేనట. అసలు ముఖ్యమైంది బ్లేజన్, అంటే చిహ్నాన్ని మాటల్లో రాసి పెట్టుకోవడం. ఆ మాటలు చదివి ఎవరు గీసినా అదే చిహ్నం అవుతుంది, గీత చెయ్యి మారినా ఫరవాలేదు. అందుకని మన పాత డాళ్ళలాగే గుండ్రంగా, నాలుగు బొడిపెలతో పెట్టించాను. శిరస్త్రాణం బదులు జేజినాయన (నాన్న వాళ్ళ నాన్న) తలగుడ్డ. బ్లేజన్‌లో కుడి ఎడమలు డాలు పట్టుకున్న మనిషి వైపునుంచి చెప్తారు, చూసేవాళ్ళకి తారుమారుగా ఉంటుంది. ఈ సంగతి డిజైనర్‌కి చెప్పడం మరిచిపోయి ఒకసారి మొత్తం తిరగబడింది.

మే నెలంతా ఏమీ కదల్లేదు. గంగమ్మ జాతరకి ఊరంతా వేషాలతో కళకళలాడుతుంటే నేను ఆ బొమ్మ ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. రంగులు సరిపోయాయి, దూరంనుంచి కనిపిస్తోంది, తప్పేమీ లేదు. కానీ చెరకు, నాడె చిత్తూరు జిల్లాలో వేల ఇళ్ళకి ఉంటాయి. మధ్యలో ఏదో ఖాళీ. మా ఇల్లే అని చెప్పేది అందులో ఏదీ లేదు. ఒక రాత్రి అమ్మ దగ్గర ఏడ్చేశాను కూడా. ‘ఇంత టెన్షన్ పడి చెయ్యాల్సిన పనా ఇది?’ అంది అమ్మ.

జూన్ 1న శాంతి పత్రికలో వెయ్యడానికి జేజినాయన పాత ఫోటో కోసం ఊళ్ళో జేజి (నానమ్మ) పెట్టె తెరిచాం. అడుగున ఆయన పంచెలు నాలుగు, మడత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక పంచె అంచు లోపలివైపు ఏదో నల్లగా కనిపించింది. మరక అనుకున్నాను. రెండో పంచె తీశాను, అదే చోట అదే మరక. మూడు చుక్కలు, వాటి కింద ఒక గీత. నాలుగు పంచెల మీదా ఉంది. జేజి చీర మీద కూడా ఉంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చూసి ‘ఇది చాకలోళ్ళ గుర్తు మా. ఏ ఇంటి బట్ట ఏదో తెలియాలని వాళ్ళు పెడతా ఉండ్రి’ అన్నారు.

నాకు చేతులు వణికాయి. ఐదు నెలలుగా వెతుకుతున్నది నలభై ఏళ్ళుగా ఈ పెట్టెలోనే ఉంది.

వారానికే, జూన్ 8న, మా ఇంటి బట్టలు ఉతికిన అవ్వ దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటాయి. కొడుకు చిత్తూరులో ఇస్త్రీ బండి నడుపుతాడు, ఆవిడ ఊళ్ళోనే ఉంటుంది. పంచె అంచు చేతికిచ్చాను. కళ్ళతో కాదు, బొటనవేలితో తడిమి చూసింది. ‘రెండో ఇంటిది’ అంది వెంటనే.

అక్కడ రెండు గంటలు కూర్చున్నాను. నల్లజీడి గింజలో సూది గుచ్చి ఆ రసంతో గుర్తు పెట్టి, మీద సున్నం అద్దేవాళ్ళట. చౌడు వేసి బానలో ఉడకేసినా, బండకేసి బాదినా బట్ట చిరుగుతుందే తప్ప గుర్తు పోదు. ఆ రసం తగిలి చేతివేళ్ళు పొక్కేవట. తన వేళ్ళ చివర మచ్చలు చూపించింది. మా ముత్తాతలు ముగ్గురు అన్నదమ్ములు. ఉమ్మడిగా ఉన్నప్పుడు మొత్తం ఇంటికి మూడు చుక్కలు. భాగాలు పంచుకున్నాక పెద్దాయన ఇంటికి ఆ మూడు చుక్కలు అలాగే ఉంచారు. రెండో ఆయనకి కింద గీత చేర్చారు. మూడో ఆయనకి పక్కన కొక్కెం. మేము రెండో ఆయన సంతానం. ఈ ఏర్పాటు చేసింది ఆవిడ అత్తగారు, అక్షరం ముక్క రాని మనిషి. ‘మీ ఇంటి గుర్తు మీకు తెలీదామ్మా?’ అని అడిగింది అవ్వ. మందలించినట్టు కాదు, నిజంగానే ఆశ్చర్యంగా అడిగింది.

ఆ రాత్రి తమ్ముడికి చెప్తే కాసేపు మాట్లాడలేదు. ఇంగ్లండులో సరిగ్గా ఇదే పద్ధతి ఉంది. తండ్రి చిహ్నానికి పెద్దకొడుకు ఒక పట్టీ, రెండోవాడు నెలవంక, మూడోవాడు నక్షత్రం చేర్చుకుంటారు, ఎవరిది ఏ శాఖో తెలియడానికి. ‘పెద్దకొడుక్కి పట్టీ తండ్రి ఉన్నన్నాళ్ళే అక్కా, తర్వాత తీసేసి తండ్రిది ఉన్నదున్నట్టు వాడుకుంటాడు. అవ్వ అత్తగారు చేసింది అదే’ అన్నాడు.

దాని తర్వాత బొమ్మ రెండు వారాల్లో తేలిపోయింది. గుండ్రటి డాలు అడ్డంగా రెండు భాగాలు. పైభాగం తెలుపు, దాని మీద నల్లగా మూడు చుక్కలూ గీతా. కిందిభాగం ఎరుపు, దాని మీద పసుపుపచ్చ నాడె, అటొకటి ఇటొకటి చెరకు గడ. బెల్లం దిమ్మ తీసేశాను. వంశచిహ్నంలో ఎంత తక్కువ ఉంటే అంత నిలుస్తుందని ఇప్పుడు నమ్ముతున్నాను.

కింద రాసే వాక్యం గురించి మళ్ళీ గొడవ. పెదనాన్నకి సంస్కృతం కావాలి. వాక్యం ఏ భాషలోనైనా ఉండొచ్చు, ఇంగ్లండులో అయితే అది మంజూరు చేసే దాంట్లో భాగం కూడా కాదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నేను ‘అన్నం తిని పో’ అని పెట్టించాను. జేజి గడప దాటే ఏ మనిషితోనైనా అనే మాట అది. పెదనాన్న కాగితం మీద అది చదివి తల పక్కకి తిప్పుకున్నారు. మళ్ళీ సంస్కృతం ఊసెత్తలేదు.

బొమ్మని బట్ట మీదే వేయించాలని ముందునుంచీ ఉంది, అదీ కలంకారీలో. జూలై 6న శ్రీకాళహస్తి వెళ్ళి ఒక కళాకారుడితో మాట్లాడాను. మూడడుగుల చదరం, 14,000. నాలుగు వేలు అడ్వాన్సు. నల్లరంగు ఎలా చేస్తారని అడిగితే కసిమి అన్నారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి మూడు వారాలు పులియబెడతారు. బెల్లం! ‘మా ఇంటి బెల్లం తెస్తే వేస్తారా?’ అని అడిగాను. ‘తీసుకురామ్మా, తాటిబెల్లంతో కలిపి వేస్తాను’ అన్నారు. మర్నాడు సెలవు పెట్టి ఊరికి వెళ్ళి నాన్నకి తెలియకుండా రెండు కిలోలు తెచ్చిచ్చాను. దాని కోసం 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజులు నాకు అస్సలు బరువనిపించలేదు.

జూలై 28న బట్టని కరక్కాయ పిండి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టారు. పాల జిడ్డు లేకపోతే రంగు పాకిపోతుంది. వెదురు కలంతో కసిమి గీత గీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మొదట పల్చగా, నీళ్ళలా కనిపించింది. గుండె గుభేలుమంది. కళ్ళముందే నెమ్మదిగా నల్లబడింది. బట్టలోని కరక్కాయ, కసిమిలోని ఇనుము కలిస్తేనే ఆ నలుపు వస్తుందట.

అక్కడినుంచి ఆలస్యాలు. పటిక రాసి ఆరబెట్టి, ఉతికి, ఎరుపు కోసం ఉడకబెట్టి, మళ్ళీ ఉతికి, మళ్ళీ పాలలో ముంచి, పసుపు వేసి, మళ్ళీ ఉతకాలి. ప్రతి ఉతుకుకీ పారే నీళ్ళు కావాలి, ప్రతిసారీ ఎండ కావాలి. ఆగస్టులో పది రోజులు మబ్బు. స్వర్ణముఖిలో నీళ్ళు చాల్లేదని ఇంకో వారం. నేను రోజూ ఫోను చేస్తుంటే ఆయన ఒకరోజు ‘తొందరపెడితే పటిక మిగిలిపోతాది, మచ్చలు పడతాయమ్మా’ అన్నారు. ఆ తర్వాత ఫోను చెయ్యలేదు. సెప్టెంబరు 24న బట్ట చేతికొచ్చింది. తెలుపు తెల్లగా ఉండదని ముందే తెలుసుకోండి, మీగడ రంగులో ఉంటుంది. పాల వాసన కూడా పోవడానికి రెండు వారాలు పట్టింది.

మధ్యలో కాపీరైట్ రిజిస్టర్ చేయించమని తమ్ముడు అన్నాడు. ఇలాంటి బొమ్మకి ఫీజు 500, దరఖాస్తు పెట్టాక ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పడానికి 30 రోజులు ఆగాలి. గీసింది డిజైనర్ కాబట్టి అతని దగ్గర నిరభ్యంతర పత్రం కూడా కావాలి. అవన్నీ సిద్ధం చేసుకున్నాను. ఫారంలో కర్త పేరు రాసే చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ మూడు చుక్కలూ గీతా నావీ కాదు, డిజైనర్‌వీ కాదు. వాటిని పెట్టిన అవ్వ అత్తగారు ఎప్పుడో పోయింది. దరఖాస్తు పెట్టలేదు. దాని బదులు ఒక మంచి నోటుపుస్తకం కొని మొదటి పేజీలో బ్లేజన్ తెలుగులో రాసి, గుర్తు ఎవరు పెట్టారో, ఎవరు చెప్పారో, ఎవరు గీశారో, ఎవరు రంగు వేశారో రాసి పెట్టాను. వెబ్‌సైట్‌కి పోయినదీ, డిజైనర్‌కిచ్చినదీ, కలంకారీ, ఫ్రేము 2,200, రానుపోను ఖర్చులూ కలిపి ముప్పై రెండు వేల దాకా అయింది.

అక్టోబరు 12న పూజయ్యాక ఫ్రేము మీద గుడ్డ తీశాం. నాన్న ఏమీ అనలేదు. దగ్గరికి వెళ్ళి ఆ మూడు చుక్కల కింది గీత మీద, అద్దం మీదే వేలు పెట్టి నిలబడ్డారు. నల్లరంగులో మన బెల్లమే ఉంది నాన్నా అని చెప్పాను. అప్పుడు కళ్ళజోడు తీసి పైపంచెతో కళ్ళు తుడుచుకున్నారు.

అవ్వని కారు పంపి పిలిపించాం. మొదటి పంక్తిలో నాన్న పక్కన కూర్చుని భోంచేసింది. తర్వాత చెయ్యి పట్టుకుని ఫ్రేము దగ్గరికి తీసుకెళ్ళాను. చాలాసేపు దగ్గరగా చూసింది. ‘బాగుండాది. గీత మాత్రం ఇంత నిట్టంగా ఉండకూడదమ్మా. మా అత్త చెయ్యి అట్ల పోదు. కుడిపక్కకి పొయ్యేకొద్దీ రవ్వంత దిగతాది’ అంది. లోపలికి వెళ్ళి జేజినాయన పంచె తెచ్చి చూశాం. నిజమే, నాలుగు పంచెల మీదా గీత కుడివైపుకి దిగి ఉంది. మేం గమనించలేదు.

రాత్రి అందరూ పడుకున్నాక నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చాను: ‘గీత చివర కొద్దిగా కిందికి దిగాలి, చూసేవాళ్ళకి కుడివైపు.’